నిర్ణయం హఠాత్తుగా, సిద్ధపాటు ముందుగా

సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి సెలవు అంటే ఊరికి పోవడమే. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్గొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్, ఉధ్నా, డిండోలీ ప్రాంతాల్లో నిలదొక్కుకున్న పద్మశాలీ కుటుంబాలు తరం మారినా ఈ లెక్క మార్చుకోలేదు. పెళ్లికి ఊరు, చావుకు ఊరు, పండక్కి ఊరు. మిగిలిన రోజులన్నీ కార్ఖానాకు. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఎక్కించుకుని మంచిర్యాలలోనో వరంగల్‌లోనో దించుతుంది కాబట్టి చాలా ఇళ్లలో ఏడాది ప్రణాళిక అంతా ఆ టికెట్టు చుట్టూ తిరుగుతుంది. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించినా, రెండు నెలల ముందే తేదీ తేల్చుకోక తప్పదు. పైగా సెలవులు కలవవు. తెలంగాణ బడులకు బతుకమ్మకు, దసరాకు సెలవులిస్తే గుజరాత్ బడులకు దీపావళికి మూడు వారాలిస్తారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది, కానీ వాటి సెలవుల పట్టిక గుజరాత్‌దే. ఇక్కడి పిల్లలు దీపావళికి ఊరు చేరేసరికి అక్కడి మేనత్త పిల్లలు బడిలో కూర్చుని ఉంటారు. ఇన్ని లెక్కల మధ్య "పదండి, రేపు ఎటైనా పోయొద్దాం" అనే మాటకు చోటు దొరకదు. ఆ చోటు ఎలా చేసుకోవాలన్నదే ఈ అధ్యాయం.

ఆ మాటను నోట్లోనే ఆపేసేది ఊరి ప్రయాణం ఒక్కటే కాదు, పెద్ద కల కూడా. సరస్సు ఒడ్డున ఊరు, పక్కనే మంచు వాలులు అనగానే మన దేశంలో ఎవరికైనా తట్టేది శ్రీనగర్. దాల్ సరస్సులో పడవ ఇల్లు, అక్కడి నుంచి 50 కిలోమీటర్ల దూరంలో గుల్మార్గ్, అఫర్వాట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోయే గొండోలా, కిందికి జారుకుంటూ వచ్చే స్కీయింగ్ కుర్రాళ్లు. చూడదగ్గవే, కాదనను. చిక్కల్లా ఆ కల మీద పెట్టే షరతులతో వస్తుంది: అన్నీ కుదిరాక, పిల్ల పదో తరగతి అయ్యాక, చిట్టీ పాడుకున్నాక. ఇన్ని కుదిరి వెళ్లినా అక్కడ మంచు ఉంటుందన్న హామీ లేదు. 2024 జనవరిలో మంచు కురవక గుల్మార్గ్ వాలులు బోసిపోయి కనిపించాయి. ఎంతోమంది గదులు రద్దు చేసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలే మంచు చాలక వాయిదా పడి మార్చిలో జరిగాయి. అదే ఏడాది ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగిన దాడి తరువాత కశ్మీర్‌లో చాలా పర్యాటక స్థలాలను కొంతకాలం మూసేశారు. నెలల ముందు వేసుకున్న పథకం ఆకాశాన్నీ లోకాన్నీ కట్టిపడేయలేదు. దూరం పెరిగేకొద్దీ, ముందస్తు పెరిగేకొద్దీ, మన చేతిలో లేని విషయాలు కూడా పెరుగుతాయి. కాబట్టి "పక్కాగా ప్లాన్ చేసుకుంటేనే ప్రయాణం సవ్యంగా సాగుతుంది" అన్న మాటను అంత తేలిగ్గా నమ్మనక్కర్లేదు.

సూరత్‌కు అందుబాటులో ఉన్న సరస్సు ఊరు సాపుతారా. డాంగ్ జిల్లాలో, సహ్యాద్రి కొండల మీద, వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున ఉంటుంది. సూరత్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు. వాంస్దా, వఘయీ మీదుగా నాలుగు గంటల దారి. ఊరి మధ్యలో మనుషులు తవ్వించిన సరస్సు, అందులో పడవలు, లోయ మీదుగా ఒక రోప్‌వే, సాయంత్రం జనమంతా చేరే సన్‌సెట్ పాయింట్. మంచు మాత్రం లేదు, స్కీయింగ్ అసలే లేదు. ఆ రెండూ ఉంటేనే కదులుతామనే వాళ్లు ఇంట్లోనే ఉంటారు. సూరత్ తెలుగువాళ్లలో చాలామందికి సాపుతారా కొత్త కూడా కాదు. షిరిడీ బస్సు నాసిక్ వైపు ఎక్కేటప్పుడు ఈ కొండ మీదుగానే పోతుంది. టీ తాగడానికి పది నిమిషాలు ఆగి, సరస్సును కిటికీలోంచి చూసి, "బాగుందే, ఎప్పుడన్నా రావాలె" అనుకుని ముందుకు సాగిపోయిన ఊరు అది. మొక్కు ఉన్న చోటికి పోవడానికి సెలవు దొరుకుతుంది, మొక్కు లేని చోటికి దొరకదు. ఈ అలవాటును ప్రశ్నించకుండా ఏ ప్రయాణ చిట్కా చెప్పినా వృథా.

హఠాత్తు ప్రయాణం అంటే సినిమాలో చూపించినట్టు పర్సు కూడా మరిచి బైకెక్కడం అనుకుంటారు చాలామంది. అలా వెళ్లేవాళ్లకు వెనకాల ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు: డబ్బు పంపే తండ్రో, ఇల్లు చూసుకునే అమ్మో. సంసారం మోసేవాళ్లకు ఆ హఠాత్తు కుదరదు, కుదరకూడదు కూడా. నిజానికి ఏ ప్రయాణంలోనైనా తేల్చుకోవాల్సినవి నాలుగు: డబ్బు ఎక్కడిది, సంచిలో ఏముండాలి, ఇంట్లో ఎవరి ఒప్పుకోలు కావాలి, ఏ రోజు. మనం సాధారణంగా ఈ నాలుగింటినీ ఒక్కసారే, చివర్లో తేల్చుకుంటాం. అందుకే ఒక్కటి తెగకపోయినా ప్రయాణం ఆగిపోతుంది. మొదటి మూడింటినీ చాలా ముందే, తీరిగ్గా, ఏ ప్రయాణమూ మనసులో లేనప్పుడే తేల్చి పక్కన పెట్టి, ఒక్క తేదీని మాత్రం వదిలేయండి. అప్పుడు హఠాత్తుగా జరగాల్సింది ఒక్క నిర్ణయమే అవుతుంది. పెళ్లివారింట్లో వంటవాడు ఉల్లిపాయ, అల్లం, మసాలా ముందే సిద్ధం చేసి పెట్టుకుని బంతికి ఎంతమంది కూర్చున్నారో చూసి పొయ్యి వెలిగించినట్టు.

ఈ పద్ధతికి పరిశోధనల్లో కూడా ఆధారముంది. అమెరికాలో గాబ్రియెలా టోనియెట్టో, సెలిన్ మాల్కోక్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనాల్లో తీరిక సమయానికి గడియారం బిగిస్తే ఏమవుతుందో పరీక్షించారు. పరీక్షల రోజుల్లో విద్యార్థులకు ఉచితంగా కాఫీ, బిస్కట్లు ఇచ్చారు. కొందరికి ఫలానా సమయానికే రావాలన్నారు, కొందరికి రెండు గంటల వ్యవధిలో ఎప్పుడైనా రావచ్చన్నారు. కచ్చితమైన సమయం పెట్టుకున్నవాళ్లు తక్కువ ఆనందించారు. అది వాళ్లకు మరో పనిలా తోచింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఏ ఏర్పాటూ లేకపోవడమే మేలని ఆ పరిశోధన తేల్చలేదు. ఉజ్జాయింపు ఏర్పాటు సరదాను చెడగొట్టదని చెప్పింది. "ఈ వానాకాలంలో ఒక ఆదివారం సాపుతారా" అనుకోవడం ఉజ్జాయింపు. "ఆగస్టు 17, ఉదయం 6.10 బస్సు, 10.30కి పడవ, 12.15కి భోజనం" అనుకోవడం కార్ఖానా షిఫ్టు. పన్నెండు గంటల షిఫ్టులో ఉండే మనిషికి సెలవు రోజు కూడా షిఫ్టు కాగితం చేతిలో పెట్టడం ఎందుకు?

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది, అదీ పరిశోధన నుంచే. జెరోన్ నావైన్, ఆయన సహచరులు 1,530 మంది డచ్ పౌరుల మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సెలవులకు వెళ్లేవాళ్లలో ఎక్కువ ఆనందం కనిపించింది వెళ్లక ముందు. తిరిగొచ్చాక, బాగా సేదతీరామన్న కొద్దిమందిని మినహాయిస్తే, వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ తేడా కనిపించలేదు. ఆనందమంతా ఎదురుచూపులో ఉంటే, ఎదురుచూపే లేని హఠాత్తు ప్రయాణం దాన్ని పోగొట్టదా? పైకి సబబుగానే ఉంది. కానీ పైన చెప్పిన పద్ధతిలో ఎదురుచూపు పోదు, దానికి తేదీ ఉండదంతే. "ఈ వానల్లో ఒకసారి" అని ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే, తొలి వాన పడ్డప్పటి నుంచే పిల్లలు అడగడం మొదలుపెడతారు. ఎదురుచూడటానికి వాళ్లకు రైలు నంబరు అక్కర్లేదు. ఇక తిరిగొచ్చాక ఏమీ మిగలదన్న మాటకొస్తే, అది పొడుగాటి సెలవుల్నీ వదలదు. జెస్సికా డి బ్లూమ్ బృందం సగటున 23 రోజుల సెలవు తీసుకున్న ఉద్యోగులను గమనించి 2013లో ప్రచురించిన దాని ప్రకారం, హాయి ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరి, పనిలో చేరిన మొదటి వారంలోనే మామూలు స్థాయికి పడిపోయింది. మూడు వారాలు తిరిగినా వారంలో ఆవిరయ్యేదే అయితే, దాని కోసం మూడేళ్లు ఆగి ఒకసారి పోవడం కన్నా ఏడాదికి మూడు నాలుగు సార్లు ఒక్కో రోజు పోవడం మంచి బేరం. బట్టల మార్కెట్లో పనిచేసేవాళ్లకు బేరం గురించి నేను చెప్పాలా!

అసలైన అభ్యంతరం మాత్రం వేరు. ఇదంతా నెల జీతం, ఆదివారం సెలవు ఉన్నవాళ్ల కబుర్లనీ, మీటరుకు ఇంత అని కూలి తీసుకునేవాడికి సాంచాలు (మరమగ్గాలు) ఆగితే కూలి ఆగుతుందనీ, ఇంటి దగ్గర చీరలకు లేసు కుట్టి, రాళ్లు అతికించి ఒక్కో చీరకు ఇంత అని తీసుకునే ఆడవాళ్లకు "ఊరికే ఒక రోజు" అంటే లెక్క కట్టగలిగినంత నష్టమనీ అంటారు. ఈ మాట నిజం, దీన్ని మాటకారితనంతో దాటేయకూడదు. పని దండిగా ఉన్న రోజున పని మానుకుని కొండెక్కమని ఈ పుస్తకం చెప్పదు. కానీ అదే పనిలో, మన ఇష్టం లేకుండానే ఖాళీ పడే రోజులు ఉంటాయి. మగ్గం మీద పడుగు నూలు చుట్టిన బీము అయిపోయి కొత్త బీము ఎక్కేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. యార్న్ ధర పెరిగితే సేట్లు ఉత్పత్తి తగ్గిస్తారు. మార్కెట్లో గిరాకీ పడిపోతే వారంలో రెండో సెలవు మొదలవుతుంది. ఆ రోజు కూలి ఎలాగూ పోయింది. దాన్ని మనం ఏం చేస్తున్నాం? ఫోను చూస్తూ, పని ఎప్పుడొస్తుందా అని దిగులుపడుతూ గడిపేస్తాం. పోయిన కూలికి తోడు దిగులు కూడా మన ఖాతాలోనే పడుతుంది. నెల జీతగాడికి సెలవు ఎప్పుడొస్తుందో ముందే తెలుసు కాబట్టి అతను టికెట్టు కొనుక్కోగలడు. మీటరు లెక్కన బతికేవాడికి సెలవు చెప్పకుండా వస్తుంది. హఠాత్తుగా కదలగలిగే నేర్పు అవసరం ఎవరికి ఎక్కువో ఇప్పుడు చెప్పండి. సగం సిద్ధంగా ఉండటమనే ఈ పద్ధతి డబ్బున్నవాడి విలాసం కన్నా, తన సమయం మీద తనకు పట్టులేని మనిషి చేతి పనిముట్టుగానే ఎక్కువ పనికొస్తుంది.

అయితే ఖర్చు? ఒక్క రోజు ప్రయాణానికి కార్లు, రిసార్టులు అక్కర్లేదు. గుజరాత్ ఆర్టీసీ బస్సులు సూరత్ నుంచి సాపుతారాకు నడుస్తాయి. మధ్యాహ్నానికి రొట్టెలు, పులిహోర ఇంటి నుంచి పట్టుకుపోతే ఖర్చు బస్సు టికెట్లు, పడవ టికెట్లు, చాయ్ దగ్గర ఆగుతుంది. ఆ సొమ్మును ఇంటి ఖర్చుతో కలపకుండా ఒక డబ్బాలో విడిగా పెట్టండి; నలుగురి రానుపోను బస్సు చార్జీలకు సరిపోయేంత నిండగానే ఇక వేయడం ఆపండి. ఆపడం ముఖ్యం, ఎందుకంటే ఎక్కువ పోగైతే అది ఊళ్లో ఎవరి పెళ్లికో, ఏ బాకీకో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. సూరత్ తెలుగు ఇళ్లలో చిట్టీ డబ్బుకు ఎప్పుడూ ఏదో ఒక పెద్ద పేరు ఉంటుంది: ఇంటి స్లాబు, చెల్లె పెళ్లి, ప్లాటు. ఈ డబ్బాకు పెద్ద పేరు పెట్టకపోవడమే దానికి రక్ష. సంచి సంగతి ఇంకా చిన్నది. ఒక గొడుగు, ఒక జత పిల్లల బట్టలు, ఒక పాత తువ్వాలు, ఘాట్ మలుపుల్లో వాంతులయ్యేవాళ్లకు మాత్రలు, ఆధార్ కాగితాల నకళ్లు ఒక సంచిలో పెట్టి తలుపు వెనక తగిలించేస్తే, తెల్లవారుజామున "అది ఎక్కడుంది, ఇది ఎక్కడుంది" అనే రభస తప్పుతుంది. ఆ రభసలోనే సగం ప్రయాణాలు రద్దవుతాయి.

ఒప్పుకోలు మాత్రం చిన్న విషయం కాదు. ఉమ్మడిగా ఉన్న ఇళ్లలో అత్తమామలకు ఈ ప్రయాణం దేనికో అర్థం కాకపోవచ్చు. "గుడి లేదు, చుట్టాల్లేరు, ఏం చూద్దామని?" అనే ప్రశ్న వస్తుంది. బయల్దేరే రోజు పొద్దున ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం కొట్లాటకే దారి. వారాల ముందే, ఎవరూ ఎక్కడికీ పోనప్పుడు, మాట తేల్చుకోవాలి. వాళ్లూ వస్తారా? రాకపోతే ఇంటి దగ్గర ఎవరుంటారు? కార్ఖానాలో ఎవరికి చెప్పాలి? ఒకసారి "సరే" అనిపించుకున్నాక మళ్లీ అడగొద్దు, కబురు మాత్రం చెప్పండి. సూరత్ నగరం ఈ విషయంలో మనకు ఒక వాదన చేతికిస్తుంది. ఆదివారం సాయంత్రం డుమస్ సముద్రం ఒడ్డున బజ్జీల చుట్టూ చేరే జనాన్ని, శరద్ పౌర్ణమి మరునాడు చాందనీ పడ్వోకు డాబాల మీద, రోడ్ల పక్కన చాపలు పరిచి ఘారీ మిఠాయి తినే కుటుంబాలను చూడండి. బయటికెళ్లి కూర్చోవడానికి సూరతీలకు దేవుడి పేరో చుట్టాల పేరో అక్కర్లేదు. ఇన్నేళ్లుగా వాళ్ల మధ్య బతుకుతూ వాళ్ల వ్యాపారం నేర్చుకున్నాం, భాష నేర్చుకున్నాం. ఈ ఒక్కటీ మాత్రం "వాళ్ల సంగతి"గానే వదిలేశాం.

ప్రమాదం మాటకొస్తే, ఇక్కడ హఠాత్తుతనానికి కచ్చితంగా హద్దు గీయాలి. వఘయీ దాటాక దారి కొండ మలుపులు తిరుగుతుంది. వానాకాలంలో పొగమంచు దిగితే పది అడుగుల ముందు ఏముందో కనబడదు. 2025 ఫిబ్రవరిలో యాత్రికులతో పోతున్న ఒక బస్సు తెల్లవారుజామున సాపుతారా దగ్గర లోయలో పడి పలువురు చనిపోయారు. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేని కళ్లతో బైకు మీద ఘాట్ ఎక్కుదామనుకోవడం ధైర్యం కిందికి రాదు. ఘాట్ దారిలో వెలుగులోనే పోయి, చీకటి పడక ముందే కిందికి దిగాలి. భారీ వర్ష హెచ్చరిక ఉన్న రోజున కదలకండి. తేదీ మన చేతుల్లోనే ఉంది కదా, వచ్చే వారం పోవచ్చు. ముందస్తు బుకింగులకు లేని సౌకర్యం ఇదే: కట్టిన డబ్బు పోతుందన్న బాధతో వానలో కొండెక్కాల్సిన గతి పట్టదు. అలాగే దీపావళి వారంలో అక్కడికి పోకండి. గుజరాత్ అంతా అప్పుడే కదులుతుంది, గదుల ధరలు ఆకాశాన్ని అంటుతాయి, సరస్సు చుట్టూ కార్లు తప్ప ఏమీ కనబడవు.

అక్కడికి చేరాక ఏం చేయాలో పెద్దగా చెప్పను. చెబితే మళ్లీ షిఫ్టు కాగితమే అవుతుంది. ఒక్క మాట మాత్రం. దారి పొడవునా డాంగ్ ఆదివాసీ మహిళలు నాగలీ రొట్టెలు అమ్ముతారు. నాగలీ అంటే మన రాగులే. పెనం మీంచి దిగిన నల్లటి మందపాటి రొట్టె, మినప్పప్పు, పక్కన వెదురు చిగుళ్ల పచ్చడి. ఊళ్లో రాగి సంకటి తిని పెరిగిన పెద్దవాళ్లకు దాని రుచి వెంటనే పట్టుబడుతుంది. గుడి లేదని అలిగి వచ్చిన అత్తగారు కూడా ఆ పొయ్యి దగ్గర మాట కలుపుతుంది. తీరిక ఇంకాస్త ఉంటే, బిలిమోరా నుంచి వఘయీకి 63 కిలోమీటర్లు పోయే చిన్న గేజు రైలు ఉంది. బరోడా గైక్వాడ్ల కాలంలో, 1913లో మొదలైంది. అది ఎక్కడికీ తొందరగా చేరదు. సాపుతారా నుంచి కొద్ది కిలోమీటర్లు దాటితే మహారాష్ట్ర, హాట్‌గఢ్ కోట. మద్యనిషేధం ఉన్న రాష్ట్రం నుంచి సరిహద్దు దాటే మగవాళ్లు అందరూ కోట కోసమే పోరని ఆడవాళ్లకు తెలుసు. ఆ సంగతి కూడా బయల్దేరక ముందే తేల్చుకోవడం మంచిది.

సూరత్‌లో లేని పాఠకులు ఇందులో ఊళ్ల పేర్లు మార్చుకుంటే చాలు. వరంగల్ వాళ్లకు కాకతీయుల కాలం నాటి పాకాల, లక్నవరం చెరువులున్నాయి. హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి ఉంది, విశాఖ వాళ్లకు అరకు ఉంది. కశ్మీర్ కల కూడా మానుకోనక్కర్లేదు. దగ్గరి చెరువుకు నాలుగుసార్లు పోయొచ్చిన కుటుంబం దూరపు సరస్సుకు తక్కువ సామానుతో, తక్కువ కొట్లాటలతో పోతుంది, మంచు పడకపోయినా అంతగా కుంగిపోదు. ముందు చేయాల్సింది చిన్న పని. ఈ రాత్రి భోజనాల దగ్గర నాలుగో ప్రశ్న వదిలేసి మొదటి మూడింటి గురించి మాట్లాడండి: డబ్బా ఎక్కడ పెడదాం, సంచి ఎవరు సర్దుతారు, ఎవరెవరు వస్తారు. ఎప్పుడు అని పిల్లలు అడిగితే, బీము ఎప్పుడు అయిపోతుందో నాన్నను అడగమనండి.